కత్తెర పట్టని మాస్టరు

ఫిబ్రవరి 3

సూదిపిల్లకి,

వదిన రాసేది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని నవ్వుకో, పరవాలేదు. ఫోన్ చేస్తే మీ అన్నయ్య స్పీకర్ పెట్టమంటారు, పక్కనే కూర్చుంటారు, నేను అడగాలనుకున్నది గొంతు దాటి రాదు. ఆయన షాపులో ఉన్నప్పుడు వంటింటి బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

ఊపిరితిత్తిలో గడ్డ పెరగలేదని కిందటి స్కాన్‌లో చెప్పారు. సంతోషమే. కానీ ఆ మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి ఆయన చేతులు చూడలేకపోతున్నాను. వేళ్ళ చివర్లు పగిలాయి, గోళ్ళ పక్కన చీము పట్టింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు కదా, గోరుచుట్టు అయితే నిజంగానే వచ్చింది, ఇక రోకలి ఎటునుంచి వస్తుందో అని నేను చూస్తూ కూర్చున్నాను. జీవితమంతా గుడ్డ కోసిన మనిషి కత్తెరలో వేలు పెట్టలేకపోతున్నారు.

అయినా పొద్దున్నే షాపు తెరిచే వేళకి తయారు. కటింగ్ బల్ల పక్కన ఆ మూడుకాళ్ళ స్టూలు మీద, చేతులకి నూలు గ్లౌజులు వేసుకుని, సభకి అధ్యక్షుడిలా కూర్చుంటారు. కొయ్యడం పొడుగాయన పని, కుట్టడం ఆ వాగుడుకాయ రేడియో పని, కాజాలూ గుండీలూ కాజాలావిడ చూసుకుంటుంది. ఈయన చేసేదేమీ లేదు. ఇంట్లో నడుం వాల్చండి మహానుభావా అంటే వింటేగా.

అసలు సంగతికి వస్తాను. మాత్ర కొన్నాళ్ళకి పట్టు తప్పుతుందని డాక్టరమ్మ నన్ను విడిగా పిలిచి చెప్పింది. ఎందుకు తప్పుతుంది? నువ్వు చేసేది ఆ కైనేజుల పనే కదా, నా బుర్రకి ఎక్కేలా రాయి. మీరు తయారుచేస్తున్న కొత్త మందు సంగతి కూడా రాయి.

మీ అన్నయ్య నీ కొలతలు పంపమంటున్నారు. ఫొటోలో నీ ల్యాబు కోటు చూసి, "దిష్టిబొమ్మకి కూడా ఇంతకన్నా ఒద్దికగా తొడుగుతారు" అన్నారు.

మీ వదిన


ఫిబ్రవరి 14

వదినా,

కవరు మీద నీ గుండ్రటి అక్షరాలు చూసి ముందు భయం వేసింది, తర్వాత ప్రాణం లేచొచ్చింది. ఇంకా రాయి. కోటు సంగతి తర్వాత చూద్దామని అన్నయ్యకి చెప్పు. ఇక్కడ అందరికీ ఒకే సైజు ఇస్తారు, చేతులు మడుచుకుంటే సరిపోతోంది. కొలుచుకునే తీరిక నాకెక్కడిది?

అడిగావు కాబట్టి దాచకుండా చెబుతాను. కైనేజులంటే మన కణాల్లో ఉండే ఒక రకం ప్రోటీన్లు. పక్క ప్రోటీన్లకి ఫాస్ఫేట్ అనే చిన్న చీటీ అంటించడం వాటి ఉద్యోగం. చీటీ పడిన ప్రోటీను లేచి పనిలోకి దిగుతుంది. అన్నయ్య గడ్డలో ఒక కైనేజు వెర్రెత్తినట్టు చీటీలు అంటిస్తోంది, అందుకే ఆ కణాలు ఆగకుండా పెరిగాయి. దాని ఒంట్లో జేబులాంటి గుంట ఒకటి ఉంటుంది. చీటీకి కావలసిన సరుకు ఆ జేబులోకే రావాలి. మాత్ర పోయి ఆ జేబులో దూరి కూర్చుంటుంది, చీటీలు ఆగిపోతాయి. చర్మానికి కూడా ఆ కైనేజు కావాలి కాబట్టి వేళ్ళు పగులుతున్నాయి.

పట్టు తప్పడానికి కారణాలు చాలా ఉన్నాయి. జేబు ఆకారం మారిపోయి మాత్ర ఇమడకపోవచ్చు. మా ల్యాబు పట్టుకు వేలాడుతున్న కారణం ఇంకొకటి. చీటీలు అంటించడం మానేసినా ఆ కైనేజు అక్కడే నిలబడి ఉంటుంది. దాన్ని ఆనుకుని మిగతా ప్రోటీన్లు గుంపు కడతాయి, గడ్డ కణాన్ని చావనివ్వవు.

ఆ క్యాన్సర్ గడ్డని ఒక షాపు అనుకో, అది మూతపడాలని మన కోరిక. మన షాపులాంటిదే అనుకో. మాస్టరు చేతులు కట్టేశాం, కత్తెర పట్టలేడు. కానీ స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. అతనున్నంతసేపూ కుట్టేవాళ్ళు చుట్టూ చేరతారు, మిషన్లు తిరుగుతూనే ఉంటాయి. చేతులు కట్టేస్తే చాలదు. పనిచెయ్యకపోయినా అతను అక్కడ ఉండటమే తంటా. ఆ మనిషిని స్టూలు మీద నుంచి లేపెయ్యాలి. మేం చేస్తున్న మందు అలాంటిది. కైనేజుకి "చెత్త" అని గుర్తు వేస్తుంది, కణమే దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది.

ఇంకా గాజు పళ్ళాల్లో పెంచే కణాల దగ్గరే ఉన్నాం. అన్నీ కుదిరితే మనుషుల దాకా వస్తుంది.

నీ సూదిపిల్ల


ఫిబ్రవరి 25

సూదిపిల్లకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి భయం వేసింది. ఆ తర్వాత "అన్నీ కుదిరితే" అన్న చోట ఆగిపోయాను. కుదిరించు తల్లీ. మనుషుల దాకా వచ్చిన రోజున మొదటి మనిషి మీ అన్నయ్యే కావాలి. నీకు మీ ల్యాబు పెద్దమేడం దగ్గర మాట చెల్లుతుందని నాకు తెలుసు.

రోజూ సాయంత్రం ఆయన చేతులకి లేపనం రాసి గుడ్డ చుడతాను. ఆ సమయంలో కదలలేరు కదా, సూదిపిల్ల ఏం రాసిందో చదవమన్నారు. చదివాను. నీకు తెలుసుగా, గడ్డ, క్యాన్సర్ అన్న మాటలు వినబడితే ఆయన లేచి వెళ్ళిపోతారు. అందుకని ఆ ముక్కలన్నీ మింగేశాను. చదవడంలో నేను చేయి తిరిగిన దాన్నిలే, అతుకు కనబడకుండా దాటేశాను. మన షాపు గురించి రాసింది మాత్రం ఒక్క అక్షరం వదల్లేదు. స్టూలు మీద మాస్టరు అనేసరికి నవ్వుతారనుకున్నాను. "ఊఁ" అన్నారు అంతే.

కానీ చూశావా, నీ మాటలో ఏం మహిమ ఉందో, మర్నాటి నుంచి షాపుకి వెళ్ళడం మానేశారు. నేను నెలల తరబడి మొత్తుకుంటే కానిది నీ ఒక్క ఉత్తరంతో అయింది. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తారు. మాట్లాడటం తగ్గింది, కానీ విశ్రాంతి దొరుకుతోంది. పొడుగాయన తాళాలు తీసుకెళ్ళడానికి వచ్చి, "మాస్టరుగారు రారా?" అని అడిగాడు. "ఇక మీరే చూసుకోండి" అన్నారు.

మీ వదిన


మార్చి 6

వదినా,

అన్నయ్య షాపు మానేశాడా? మంచి పని చేశాడు. నేనే చెబుదామనుకుంటూ ఊరుకున్నాను. ఆ గుడ్డల ధూళిలో కూర్చుని అక్కడ చేసేదేముంది? నేను మెచ్చుకున్నానని చెప్పు.

మందు గురించి తొందరపడకు. ఇది నా మాట మీద నడిచే వ్యవహారం కాదు. అయినా వార్త బాగానే ఉంది. మేం కైనేజుని మొత్తంగా తీసేస్తే గడ్డ కణాలు పళ్ళెంలో రాలిపోతున్నాయి. పాత మాత్రకి లొంగనివి కూడా. పెద్దమేడం ఎవరినీ మెచ్చుకోదు, నా భుజం తట్టింది. ఆ రోజు నడుస్తూ ఇంటికి వెళ్ళాను, బస్సు ఎక్కాలన్న ధ్యాసే లేదు. దారి పొడుగునా అన్నయ్యే గుర్తొచ్చాడు.

ఇప్పుడు మంచి కణాల మీద చూడాలి. ముందు గుండె కండరం కణాలు. అవి పళ్ళెంలో కూడా లయగా కొట్టుకుంటాయి, చూస్తే ముచ్చటేస్తుంది.

నీ సూదిపిల్ల


మార్చి 21

సూదిపిల్లకి,

నువ్వు మెచ్చుకున్నావని ఆయనకి చదివి వినిపించాను. "చేసేదేముంది" అన్న మాట మళ్ళీ చదవమన్నారు. చదివాను. తల ఊపారు.

ఒక మంచి, ఒక చెడ్డ. చెడ్డ ముందు చెబుతాను. షాపు చిందరవందరగా ఉంది. స్కూలు యూనిఫాంల ఆర్డరు వచ్చింది. పొడుగాయన ఒక సైజు పెట్టుకుని కోశాడు, రేడియో ఇంకో సైజు అనుకుని కుట్టాడు. ప్యాంట్లు మోకాళ్ళ కింద ఆగిపోయాయట. నీది తప్పంటే నీది తప్పని వాదులాట. చిలికి చిలికి గాలివాన అయి, ఎప్పుడూ నోరు మూయని రేడియో ఇప్పుడు పొడుగాయనతో మాట్లాడడు. కాజాలావిడ పని మానేసి ఇంట్లో కూర్చుంది. నన్ను చూసి ఒకటే మాట అంది. "అమ్మా, మాస్టరుగారు ఏమీ చెప్పేవారు కాదు, కానీ ఆయన చూస్తుంటే ఎవరూ తప్పు కోసేవారు కాదు." పాపం, అదొక అభిమానం.

ముగ్గురూ విడివిడిగా ఇంటికొచ్చి, షాపుకి రమ్మని బతిమాలారు. "నేను లేకపోవడమే మంచిది" అన్నారు ఈయన. నాకైతే కొంచెం చివుక్కుమంది, కానీ ఆరోగ్యం ముందు కదా.

ఇక మంచి సంగతి. చేతులు మానాయి. గోరుచుట్టు పోయింది, వేళ్ళ పగుళ్ళు కలిసిపోయాయి, చర్మం మెత్తబడింది. మొన్న పాత దుప్పటి బల్ల మీద పరిచి, చాక్‌ముక్కతో గీత గీసి, కత్తెరతో కోశారు. గీత మీద గీత. నాకు ఏడుపొచ్చింది. ఒంటికి మాత్ర అలవాటు పడినట్టుంది, నీ చలవ.

మీ వదిన


మార్చి 26

వదినా,

నీ ఉత్తరం చదవగానే ఫోన్ చేశాను. నీకు గుర్తుందిగా, స్పీకర్లో అన్నయ్య, "మాత్ర బ్రహ్మాండంగా పనిచేస్తోందే" అన్నాడు. ఆయన వింటుండగా నిన్ను అడగలేకపోయాను. ఇది నువ్వొక్కదానివే చదువు.

ఆ మాత్ర ఒంట్లో ఉన్నంతకాలం చర్మం మీద గుర్తు వదలకుండా ఉండటం అరుదు. వేళ్ళు కొంచెం నెమ్మదిస్తే లేపనం పనిచేసిందనుకోవచ్చు. అంత పగిలిన చేతులు పసిపిల్ల చేతుల్లా మారాయంటే నాకు ఒకటే తోస్తోంది. అన్నయ్య మాత్ర వేసుకోవడం లేదు.

అడుగు వదినా. అరవకుండా అడుగు. డాక్టరమ్మకి వెంటనే చెప్పు. ఇక్కడ పళ్ళెం ఒకటి జారవిడిచాను.

నీ సూదిపిల్ల


ఏప్రిల్ 2

సూదిపిల్లకి,

నువ్వన్నదే నిజం. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. చొక్కాకి గుండీ ఊడిందని గుండీల డబ్బా తీశాను. తెల్ల గుండీల మధ్యలో మాత్రలు. పొద్దున నోట్లో వేసుకుని, నేను అటు తిరగ్గానే తీసి, ఆ డబ్బాలో పడేస్తున్నారు.

"ఏమండీ, ఇవేమిటి?" అన్నాను.

"గుండీలు" అన్నారు.

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. డబ్బా మూత పెడుతూ చెప్పారు. "సూదిపిల్లే రాసింది కదా. చేతులు కట్టేసిన మాస్టరు ఊరికే కూర్చుంటే తంటా, లేపెయ్యాలని. నువ్వే చదివావు. దానికి నా మీద కోపం లేదు, ఉన్నమాటే చెప్పింది. పని చెయ్యని మనిషికి స్టూలు ఎందుకు? మాత్ర మానేస్తే చేతులొస్తాయని నాకు తెలుసు. చేతులొచ్చాక వెళ్ళి, పనిచేసే మనిషిగా కూర్చుందామనుకున్నాను. ఆ యూనిఫాంలు సరిగ్గా కోసేశాక మళ్ళీ వేసుకునేవాణ్ణి."

విన్నావా? నాలుగు ప్యాంట్లు కొయ్యడానికి ప్రాణం పణంగా పెట్టాడు మీ అన్నయ్య.

నీకు చెప్పడానికి ప్రపంచంలో వేరే షాపే దొరకలేదా? కమ్మరి కొలిమో, మంగలి కుర్చీయో దొరకలేదా? అంత చదువు చదివావు, మీ అన్నయ్యకి ఆ స్టూలు తప్ప ఇంకేం మిగల్లేదని నీకు తెలియదా? పైగా మెచ్చుకున్నావు. ఆ మెచ్చుకోలు కూడా నా నోటితోనే చదివించావు. ఆయన మళ్ళీ చదవమన్నప్పుడు నాకెందుకు తట్టలేదో.

నా మీద నాకూ మండుతోంది. "మూతపడాలని మన కోరిక" అన్న ముక్క నేను మింగకపోతే అది ఏ షాపో ఆయనకి తెలిసేది. అతుకు కనబడకుండా దాటేశానని నీకు గొప్పగా రాశాను కూడా.

ఇప్పుడు డాక్టరమ్మ స్కాన్‌కి రాసింది. మాత్ర మళ్ళీ వేసుకోమంటే, "ఎందుకులే" అంటున్నారు. నేను చెబితే వినరు. నువ్వే ఏదో ఒకటి రాయి. నీకు కోపంగా రాశాను, ఏమీ అనుకోకు.

మీ వదిన


ఏప్రిల్ 10

వదినా,

ఈ ఉత్తరం అన్నయ్య ముందు కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువు. ఆయన లేచి వెళితే వెనకాలే వెళ్ళి చదువు. ఏ మాటా మింగకు.

అన్నయ్యా, నేను రాసింది నీ గురించి కాదు. నీ ఊపిరితిత్తిలో ఉన్న క్యాన్సర్ గురించి. మూతపడాలని కోరుకున్న షాపు అది. మన షాపుని పోలిక తెచ్చింది నేను. కొలత తీసుకోకుండా కత్తెర పెట్టాను. షాపు మానేశావని మెచ్చుకున్నప్పుడు నా మనసులో ఉన్నది ధూళి ఒక్కటే. నువ్వు అక్కడ ఏమీ చెయ్యడం లేదని నేను కూడా అనుకున్నాను, అది తప్పని ఇప్పుడు తెలిసింది. ఎలా తెలిసిందో విను.

గుండె కణాల సంగతి వదినకి రాశాను. మామూలుగా పళ్ళెంలో ఒకదాన్నొకటి పట్టుకుని లయగా కొట్టుకుంటాయి. నువ్వు వేసుకునే రకం మాత్ర ఇచ్చి కైనేజు చేతులు కట్టేశాం. వాటికేమీ కాలేదు. తర్వాత మా కొత్త మందు ఇచ్చి కైనేజునే లేపేశాం. రెండో రోజుకి కణాలు ఒకదాన్నొకటి వదిలేశాయి. లయ తప్పింది. ఆ తర్వాత ఏ ఒక్కటీ కొట్టుకోలేదు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది మా పని.

పెద్దమేడం ఇంకొకటి చేసి చూడమంది. చీటీ అంటించడం చేతకాని కైనేజుని తయారుచేసి, ఆ కణాల్లో పెట్టాం. దాని చేతులు మేమే విరిచేశాం అన్నయ్యా, అది ఒక్క పనీ చెయ్యలేదు. ఊరికే వెళ్ళి తన చోట నిలబడింది. కణాలు మెల్లగా దగ్గరికి జరిగాయి. పట్టుకున్నాయి. మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మైక్రోస్కోపు దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు, నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అప్పటికి వదిన ఉత్తరం నా కోటు జేబులో ఉంది.

అదే కైనేజు గడ్డలో ఊరికే నిలబడి చెడ్డవాళ్ళని కూడగడుతోంది, గుండెలో ఊరికే నిలబడి మంచివాళ్ళని కూడగడుతోంది. పని చెయ్యడం లేదని తీసి పారేసేది కాదు అది.

ఇంకో మాట కూడా వదిన మింగకుండా చదవాలి. మా మందు ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అది నీకు అందదు అన్నయ్యా. నీకోసమే పరుగెత్తాను, నీ దాకా రాలేకపోయాను. నీకున్నది ఆ మాత్ర, డాక్టరమ్మ ఇచ్చే ఇంకేదైనా. చేతులు పగిలితే పగలనీ. వేసుకో.

నీ సూదిపిల్ల


మే 12

సూదిపిల్లకి,

చదివాను. క్యాన్సర్ అన్న మాట కూడా మింగలేదు, ఆయన లేచి వెళ్ళలేదు. చేతులు విరిచేసిన కైనేజు దగ్గర ఆపి, "మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. "అందదు" అన్న మాట దగ్గర నేను ఆగితే, "ఊఁ, కానివ్వు, మింగొద్దని రాసిందిగా" అన్నారు. అంతా అయ్యాక గ్లాసు అందుకుని మాత్ర వేసుకున్నారు. నోరు తెరిచి చూపించారు కూడా, చిన్నపిల్లాడిలా.

స్కాన్ మంచిగా లేదు. ఈ మధ్యలో గడ్డ పెరిగింది. మానేసిన రోజుల వల్లనా, అది ఎలాగూ పెరిగేదేనా అంటే డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు. మాత్రతో పాటు సెలైన్లో ఎక్కించే మందు కూడా మొదలుపెట్టింది. మూడు వారాలకొకసారి వెళుతున్నాం. మనిషి సగమయ్యారు. గోరుచుట్టు మళ్ళీ వచ్చింది. అది చూసి సంతోషించే రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఓపిక ఉన్న రోజున షాపుకి వెళుతున్నారు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళతాను. మొదటి రోజు స్టూలు మీద కూర్చోగానే రేడియో ఏమీ ఎరగనట్టు పొడుగాయన్ని దారం రీలు అందించమన్నాడు. పొడుగాయన అందించాడు. సాయంత్రానికి కాజాలావిడ సూది పట్టుకుని వచ్చి తన మూల కూర్చుంది. ఎవరూ ఎవరికీ క్షమాపణలు చెప్పుకోలేదు. యూనిఫాంలు విప్పి మళ్ళీ కుట్టారు.

దీంతో పాటు పార్సెల్ పంపుతున్నాను. నీ ల్యాబు కోటు. నువ్వెటూ కొలతలు పంపవని మీ అన్నయ్య కళ్ళు మూసుకుని, ఒక్కొక్కటే చెప్పారు. భుజం ఇంత, చెయ్యి ఇంత, నడుము దగ్గర వదులు ఇంత. పొడుగాయన కోశాడు, రేడియో కుట్టాడు, కాజాలావిడ కాజాలు తీసి గుండీలు వేసింది, ఇస్త్రీ నాది. మీ అన్నయ్య చెయ్యి ఒక్క కుట్టు మీద కూడా పడలేదు. ఆయన లేకపోతే ఈ కోటు లేదు.

సరిపోయిందో లేదో రాయమన్నారు.

మీ వదిన


మే 23

అన్నయ్యా,

ఈసారి నీకే రాస్తున్నాను. వదిన చదువుతుంది, మింగదు.

కోటు అందింది. భుజాలు గీత గీసినట్టు కూర్చున్నాయి. వేసుకుని ల్యాబులోకి వెళితే పెద్దమేడం చుట్టూ తిరిగి చూసి, ఎవరు కుట్టారని అడిగింది. మా అన్నయ్య అన్నాను. అబద్ధమేమీ కాదు.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి కైనేజు చేతులు కట్టెయ్యడం కాదు, దాన్ని లేపెయ్యడమూ కాదు. గడ్డలో అది ఏ ప్రోటీనుని పట్టుకుని నిలబడిందో ఆ ఒక్క పట్టునే విడిపించాలని చూస్తున్నాం. మిగతా చోట్ల దాన్ని దాని చోటే ఉండనిస్తాం. ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. నిన్ను ఊరించడానికి రాయడం లేదు, ఏం చేస్తున్నానో నీకు తెలియాలని రాస్తున్నాను.

నిన్న చేతి మడత కొంచెం బరువుగా అనిపించి విప్పి చూశాను. లోపల రెండు అంగుళాల గుడ్డ వదిలించావు. నా స్కూలు గౌన్లకి అలాగే వదిలేవాడివి, ఎదిగే పిల్ల, వచ్చే ఏడు మడత విప్పుకోవచ్చని. నాకు తల సగం నెరిసింది. ఇంకెంత ఎదుగుతాననుకున్నావు?

మడత మళ్ళీ అలాగే కుట్టేసుకున్నాను, వంకరగానే వచ్చింది. వచ్చే నెల సెలవు పెట్టి వస్తున్నాను. వచ్చేసరికి నువ్వు షాపులో ఉండాలి. నువ్వేమీ చెయ్యక్కర్లేదు. స్టూలు మీద నుంచి లేవకు అన్నయ్యా.

నీ సూదిపిల్ల